స్టేట్ చారిటీ రిజిస్ట్రేషన్ మనకి అక్కర్లేదా? అమెరికాలో చిన్న తెలుగు సంస్థలు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఉగాదికి ముందు, మళ్ళీ దసరాకి ముందు నాకు ఇవే మెసేజ్‌లు. "అన్నా, మనది 501(సి)(3) కదా, ఇంకా స్టేట్‌తో పనేంటి?" అని ఒకరు, "గుళ్ళకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదంట నిజమేనా?" అని ఇంకొకరు. 501(సి)(3) అంటే ఐఆర్ఎస్ (ఫెడరల్ ట్యాక్స్ శాఖ) ఇచ్చే చారిటీ హోదా, స్టేట్ చారిటీ రిజిస్ట్రేషన్ అంటే జనాన్ని చందాలు అడగడానికి ఆ స్టేట్ దగ్గర పేరు నమోదు చేయించుకోవడం. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట పెడుతున్నా. నేను లాయర్‌ని కాదు, సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్‌ని) కాదు, న్యూజెర్సీలో ఒక చిన్న సంస్థకి ఆరేళ్ళు ట్రెజరర్‌గా చేసి దెబ్బలు తిని నేర్చుకున్నవాణ్ణి. అంకెల్ని స్టేట్లు అప్పుడప్పుడు మారుస్తుంటాయి, ఫారం నింపే ముందు ఆ స్టేట్ సైట్‌లో ఒకసారి చూస్కోండి. మీ డౌట్ ఏదో దానికే నేరుగా వెళ్ళిపోవచ్చు, మిగతావి చదవకపోయినా నష్టం లేదు.

## సంస్థ పెట్టే ముందు, పెట్టిన కొత్తలో

ఐఆర్ఎస్ నుంచి 501(సి)(3) లెటర్ వచ్చేసింది కదా, ఇంకా స్టేట్ రిజిస్ట్రేషన్ ఏంటి?

ఆ లెటర్ చెప్పేది రెండే ముక్కలు, మీ సంస్థ ఆదాయం మీద ఫెడరల్ ట్యాక్స్ లేదు, మీకు ఇచ్చినవాళ్ళు వాళ్ళ ట్యాక్స్‌లో చూపించుకోవచ్చు. అంతే. స్టేట్ అడిగేది వేరే, మా జనం దగ్గర చందా అడుగుతున్నారు కదా, మీరెవరు, వసూలైంది ఎక్కడికి పోతోంది అని. దాదాపు 40 స్టేట్లు, ప్లస్ వాషింగ్టన్ డీసీ ఇలా అడుగుతాయి, కొన్నిచోట్ల అటార్నీ జనరల్ (స్టేట్ ప్రధాన న్యాయాధికారి) ఆఫీసు చూస్తుంది, కొన్నిచోట్ల సెక్రటరీ ఆఫ్ స్టేట్, వర్జీనియాలో, ఫ్లోరిడాలో అయితే వ్యవసాయ శాఖ (నవ్వకండి, కన్స్యూమర్ వ్యవహారాలు కూడా వాళ్ళ దగ్గరే ఉంటాయి). మిస్సోరి మాత్రం 501(సి)(3)లని రిజిస్ట్రేషన్ నుంచి వదిలేసింది, అందుకే సెయింట్ లూయిస్‌లో ఉన్న మీ ఫ్రెండు "ఏమీ అక్కర్లేదు రా" అన్నాడంటే అబద్ధం చెప్పినట్టు కాదు, ఆయన ఊరి సంగతి ఆయన చెప్పాడు.

రిజిస్ట్రేషన్ అంటే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు, అసలు ఎన్ని రకాలు?

గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. మొదటిది సంస్థని నాన్‌ప్రాఫిట్ కార్పొరేషన్‌గా ఒక స్టేట్‌లో పుట్టించడం. రెండోది చందాలు అడగడానికి చేసే చారిటీ రిజిస్ట్రేషన్, ఇక్కడ రాస్తున్నదంతా దీని గురించే. మూడోది స్టేట్ ఇన్‌కం ట్యాక్స్ మినహాయింపు, కాలిఫోర్నియాలో అయితే దీనికి ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డు దగ్గర 3500ఏ అని వేరే ఫారం. నాలుగోది సేల్స్ ట్యాక్స్ మినహాయింపు, అంటే కాస్ట్‌కోలో పులిహోరకి బియ్యం కొంటే ట్యాక్స్ పడుతుందా లేదా అన్న సంగతి. ఐదోది వేరే స్టేట్‌లో ఆఫీసు పెడితేనో ఉద్యోగిని పెట్టుకుంటేనో అక్కడ బయటి కార్పొరేషన్‌గా నమోదవడం. వీటిలో ఒకదాని మినహాయింపు ఇంకోదానికి పనికిరాదు. "మాకు ఎగ్జెంప్షన్ ఉంది" అని ఎవరన్నా అంటే దేనికి అని అడగండి, సగం మంది చెప్పలేరు.

అసలు చారిటీ రిజిస్ట్రేషనే అడగని స్టేట్లు ఉన్నాయా?

ఉన్నాయి. టెక్సస్, అరిజోనా, ఇండియానా, అయోవా, ఐడహో, మోంటానా, నెబ్రాస్కా, సౌత్ డకోటా, వ్యోమింగ్, వెర్మాంట్, డెలావేర్‌లలో మామూలు చారిటీలకి ఈ రిజిస్ట్రేషన్ లేదు. అరిజోనాలో ఒకప్పుడు ఉండేది, 2013లో తీసేశారు. టెక్సస్‌లో కూడా పోలీసుల పేరు మీద, మాజీ సైనికుల పేరు మీద చందాలడిగే కొన్ని సంస్థలకి మాత్రం రూల్స్ ఉన్నాయి. డల్లాస్ వాళ్ళకి ఒక్క మాట: మీ స్టేట్ అడగదు నిజమే, కానీ మీరు ఫ్రీమాంట్‌లో ఉన్న పాత రూమ్మేట్లందరికీ ఉత్తరాలు పంపి డబ్బులడిగితే అది కాలిఫోర్నియాలో అడిగినట్టు. సంస్థ ఎక్కడుందన్నది ఒక్కటే కాదు, అడిగించుకున్నవాళ్ళు ఎక్కడున్నారన్నది కూడా లెక్కే.

మేము ఏడాదికి ఐదారు వేల డాలర్లు కూడా వసూలు చెయ్యం, సంస్థ పెట్టాల్సిందేనా?

నన్నడిగితే వద్దు. ఊళ్ళో ఒక్క బడికి బెంచీలు కొనడానికి కార్పొరేషన్, బైలాస్ (సంస్థ నియమావళి), 501(సి)(3) హోదా అడగడానికి ఐఆర్ఎస్‌కి 1023-ఈజెడ్ ఫారం ఫీజు 275 డాలర్లు, ప్రతి ఏడాదీ ఫైలింగ్‌లు ఎందుకు చెప్పండి. ఇప్పటికే రిజిస్టరైన ఒక 501(సి)(3)ని ఫిస్కల్ స్పాన్సర్‌గా ఒప్పించుకుంటే మీ ప్రాజెక్టు వాళ్ళ గొడుగు కింద నడుస్తుంది, చందా వాళ్ళ పేరు మీద వస్తుంది, స్టేట్ కాగితాలు వాళ్ళే చూస్కుంటారు, కొంత శాతం ఖర్చుల కింద పట్టుకుంటారు. పేపర్ మీద అగ్రిమెంట్ మాత్రం రాసుకోండి, స్నేహం కదా అని వదిలెయ్యకండి.

## మినహాయింపు ఎవరికి

చిన్న సంస్థలకి ఎంత వరకు మినహాయింపు?

స్టేట్‌కో లెక్క. న్యూజెర్సీలో ఏడాదికి 10,000 డాలర్ల లోపు చందాలు వచ్చి, వసూలు కోసం ఎవరికీ డబ్బు కట్టకపోతే అక్కర్లేదు. న్యూయార్క్, పెన్సిల్వేనియా, మిషిగన్, మిన్నెసోటా, ఒహాయో, జార్జియాలలో ఆ గీత 25,000. వాషింగ్టన్ స్టేట్‌లో 50,000, అదీ పనంతా జీతం లేని వాలంటీర్లే చేస్తే. వర్జీనియాలో చాలా తక్కువ, 5,000. కాలిఫోర్నియాలో చిన్న సంస్థ కదా అని వదిలెయ్యడం లేదు, 500 డాలర్లు వచ్చినా రిజిస్టర్ చెయ్యాల్సిందే. చూడండి, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న సంస్థకి 12,000 వస్తే రిజిస్ట్రేషన్ కావాలి, నది దాటి న్యూయార్క్ క్వీన్స్‌లో ఉన్నదానికి అదే 12,000కి అక్కర్లేదు. లాజిక్ వెతకొద్దు, చట్టం అంతే.

మాది 25,000 లోపే, కానీ ఒకమ్మాయికి నెలకి కొంచెం ఇస్తున్నాం, పర్వాలేదా?

ఆ అమ్మాయి ఏం చేస్తుంది, ఏ స్టేట్ అన్నదాన్ని బట్టి. మిన్నెసోటా, వాషింగ్టన్ లాంటి చోట్ల చిన్న సంస్థల మినహాయింపు అందరూ వాలంటీర్లే అయితేనే, ఒక్కరికి జీతమిచ్చినా ఆ మినహాయింపు పోతుంది. న్యూయార్క్‌లో చూసేది ప్రొఫెషనల్ ఫండ్‌రైజర్ ఉన్నారా అని, వెబ్‌సైట్ చూసే అమ్మాయికి ఇస్తే ఇబ్బంది లేదు, కానీ "నువ్వు తెచ్చిన ప్రతి స్పాన్సర్‌షిప్‌లో 10 శాతం నీకు" అని ఎవరితోనైనా ఒప్పందం చేసుకుంటే వచ్చింది 3,000 డాలర్లే అయినా మినహాయింపు గల్లంతు. మనవాళ్ళు ఈవెంట్ ఆర్గనైజర్లతో ఇలాంటి మాట ఫోన్లోనే అనేసుకుంటారు, అది కమీషన్ అన్న ఆలోచనే రాదు ఎవరికీ.

గుడికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటారు, నిజమేనా?

చాలావరకు నిజం. రిజిస్ట్రేషన్ అడిగే స్టేట్లలో ఎక్కువ భాగం మత సంస్థలని వదిలేస్తాయి, పేరు చర్చి అని ఉన్నా ఐఆర్ఎస్ లెక్కలో గుడి, మసీదు, గురుద్వారా అన్నీ అందులోకే వస్తాయి. దీని వెనక ఒక కేసుంది, చెప్పుకోదగ్గది. మిన్నెసోటా వాళ్ళు ఒకప్పుడు, చందాల్లో సగానికి పైగా సొంత సభ్యుల నుంచి వచ్చే మత సంస్థలకే మినహాయింపు అని రూల్ పెట్టారు, అంటే పాతుకుపోయిన పెద్ద చర్చిలకి లాభం, కొత్తగా వచ్చి రోడ్డు మీద జనాన్ని అడుక్కునేవాళ్ళకి దెబ్బ. 1982లో లార్సన్ వర్సెస్ వలెంటె కేసులో సుప్రీంకోర్టు, ఒక మతశాఖని ఎక్కువ ఇంకో శాఖని తక్కువ చూడ్డం కుదరదని ఆ రూల్ కొట్టేసింది. అప్పుడు పోరాడింది యూనిఫికేషన్ చర్చి వాళ్ళు. మనం 2 ఎకరాల స్థలం కొని, ఇండియా నుంచి విగ్రహాలు తెప్పించి, ఇంకా పట్టుమని వంద మంది సభ్యులు లేని రోజుల్లోనే పాత చర్చిలతో సమానంగా మినహాయింపు పొందుతున్నామంటే ఆ తీర్పు వల్ల మనకీ లాభం ఉన్నట్టే.

గుడి వాళ్ళమే కల్చరల్ సెంటర్ అని వేరే సంస్థ పెట్టాం, దానికీ మినహాయింపేనా?

ఆటోమేటిక్‌గా రాదు. వేరే ఈఐఎన్ (ఐఆర్ఎస్ ఇచ్చే సంస్థ నంబరు), వేరే బోర్డు, వేరే బైలాస్ ఉంటే స్టేట్ దాన్ని వేరే సంస్థగానే చూస్తుంది. అందులో జరిగేది కూచిపూడి క్లాసులు, హెల్త్ క్యాంపులు, హాలు అద్దెకివ్వడం అయితే దాన్ని మత సంస్థ అని ఒప్పించడం కష్టం. గుడి కిందే ఒక విభాగంగా నడిస్తే గుడి మినహాయింపులోనే ఉంటుంది. చాలాచోట్ల వేరుగా పెట్టడానికి అసలు కారణం గ్రాంట్లు, మంచిదే, కానీ ఆ రోజే రిజిస్ట్రేషన్ గురించి కూడా ఒకసారి అడగాలి.

మాది తెలుగు సంఘం, సభ్యుల దగ్గరే వసూలు చేస్తాం, మాకు వర్తించదు కదా?

సభ్యుల్ని మాత్రమే అడిగితే చాలా స్టేట్లు వదిలేస్తాయి, నిజమే. కానీ సభ్యుడంటే ఎవరు? ఓటు హక్కో, నిజమైన సభ్యత్వ ప్రయోజనమో ఉన్నవాడు. "20 డాలర్లు డొనేట్ చెయ్యండి, మీరు మా మెంబర్" అంటే ఆ మెంబర్‌షిప్ చెల్లదు, చందా ఇచ్చినందుకు సభ్యుడైనవాణ్ణి సభ్యుడిగా లెక్కపెట్టొద్దని చట్టాల్లోనే రాసుంటుంది. రెండో చిక్కు ఫేస్‌బుక్. సంక్రాంతి ముగ్గుల పోటీ ఫ్లయర్ మీద జెల్ (ఫోన్లోంచి బ్యాంకు డబ్బు పంపే పద్ధతి) క్యూఆర్ కోడ్ పెట్టి, కింద "మీ సహకారం కావాలి" అని రాసి పబ్లిక్‌గా పోస్ట్ చేశారంటే ఇంక సభ్యుల్ని మాత్రమే అడిగినట్టు ఎలా అవుతుంది?

వారాంతపు తెలుగు బడి నడుపుతున్నాం, విద్యాసంస్థ కింద వదిలేస్తారా?

ఎక్కువ స్టేట్లలో కుదరదు. విద్యాసంస్థల మినహాయింపు రాసింది స్కూళ్ళు, కాలేజీలు, యూనివర్సిటీల కోసం, ఆ సిలబస్‌ని స్టేట్ విద్యాశాఖ గుర్తించి ఉండాలనో, అక్రెడిటేషన్ ఉండాలనో అడుగుతారు. ఆదివారం పొద్దున లైబ్రరీ రూములో అ ఆ ఇ ఈ లు దిద్దించే మన బడికి అవేవీ ఉండవు. కంగారు పడకండి, అలాంటి బడులు ఎక్కువగా చందాల మీద కాదు ఫీజుల మీద నడుస్తాయి, వచ్చే చందా ఆ స్టేట్ చిన్న సంస్థల పరిమితి దాటదు. ఆ దారిలో మినహాయింపు దొరుకుతుంది.

యాక్సిడెంట్‌లో పోయిన స్టూడెంట్ కుటుంబం కోసం గోఫండ్‌మీ పెడితే రిజిస్ట్రేషన్ కావాలా?

రాయడానికే బాధగా ఉంటుంది, కానీ ఏటా ఎన్నిసార్లు అడుగుతారో ఈ ప్రశ్న. ఒక వ్యక్తి పేరు స్పష్టంగా చెప్పి, ఆ మనిషికో కుటుంబానికో సాయం కోసం అడిగి, వచ్చిందంతా ఏమీ పట్టుకోకుండా వాళ్ళకే ఇస్తే చాలా స్టేట్ల చట్టాలు దాన్ని రిజిస్ట్రేషన్ నుంచి మినహాయిస్తాయి. రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ఒకటి, "మిగిలితే వేరే స్టూడెంట్లకి వాడతాం" అని ఒక లైన్ పెట్టడం, ఆ లైన్‌తో అది ఒకరి కోసం అడిగింది కాకుండా పోతుంది. రెండు, పార్థివదేహం పంపే ఖర్చులకి సంఘం ఖాతాలోకి తీసుకుని అక్కడి నుంచి కట్టడం, అప్పుడది సంఘానికొచ్చిన చందా అవుతుంది. వీలైతే కుటుంబ సభ్యుణ్ణే లబ్ధిదారుగా పెట్టండి. ఇలా ఇచ్చినదానికి ట్యాక్స్ డిడక్షన్ రాదని కూడా ముందే చెప్పెయ్యండి.

## మినహాయింపు తీసుకోవడం, లెక్కలు

మినహాయింపు ఉంటే ఏ కాగితమూ పెట్టక్కర్లేదా?

కొన్నిచోట్ల నిజంగానే ఏమీ అక్కర్లేదు, పరిమితి లోపల ఉంటే చాలు, మీ లెక్కలు మీ దగ్గరుంటే సరిపోతుంది. కొన్నిచోట్ల మినహాయింపుకి కూడా దరఖాస్తు పెట్టాలి, వర్జీనియా ఇలాంటిదే, వాళ్ళు ఒప్పుకుని లెటర్ ఇచ్చేదాకా మీకు మినహాయింపు లేనట్టే. మేరీలాండ్‌లో 25,000 లోపు ఉన్నా "మేం చిన్నవాళ్ళం" అని ఒక నోటీసు ఇవ్వాలి. ఫ్లోరిడాలో చిన్న సంస్థలకి వేరే అప్లికేషన్. న్యూయార్క్‌లో రిజిస్ట్రేషన్ ఫారం సీహెచ్ఏఆర్410, దానితోనే మినహాయింపు అడిగే షెడ్యూల్ ఉంటుంది. అందుకని "ఎగ్జెంప్ట్" అన్న మాట వినగానే ఫైలు మూసెయ్యకండి, అడిగి తెచ్చుకోవాల్సిన మినహాయింపా, దానంతట అదే వచ్చేదా అన్నది చూడండి.

స్టేట్ అక్కర్లేదంటోంది, కానీ గ్రాంట్ ఇచ్చేవాళ్ళు ప్రూఫ్ అడుగుతున్నారు, ఏం ఇవ్వాలి?

ఇది మాకూ జరిగింది. మ్యాచింగ్ డొనేషన్ (ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ కూడా కలిపి ఇచ్చేది) కోసం ఒకాయన కంపెనీ పోర్టల్‌లో మా సంస్థ పేరు పెడితే "స్టేట్ రిజిస్ట్రేషన్ నంబర్" అని ఒక గడి, ఖాళీగా వదిలేస్తే సబ్మిట్ కాదు. మూడు వారాలు తిరిగాం. లెటర్ ఇచ్చే స్టేట్ అయితే ఆ లెటర్ అప్‌లోడ్ చెయ్యండి. ఇవ్వని స్టేట్ అయితే ఆ స్టేట్ సైట్‌లో మినహాయింపు పేజీ ప్రింట్, గత ఏడాది చందాల మొత్తం, బోర్డు ప్రెసిడెంట్ సంతకంతో ఒక పేజీ వివరణ. చివరికి మాకు అదే పనికొచ్చింది. కొన్ని సంస్థలు ఈ తలనొప్పి వద్దని, మినహాయింపు ఉన్నా కావాలనే రిజిస్టర్ చేసుకుంటాయి, ఫీజు కొద్దిగానే కాబట్టి అదీ తెలివైన పనే అని నా అభిప్రాయం.

కాలిఫోర్నియాలో ఎవరికి మినహాయింపు, మిగతావాళ్ళు ఏం చెయ్యాలి?

అక్కడ వదిలేసేది మత కార్పొరేషన్లని, స్కూళ్ళు కాలేజీలని, హాస్పిటళ్ళని, ప్రభుత్వ సంస్థలని, అలాంటి కొన్నింటిని. చిన్నగా ఉండటం ఒక కారణం కాదు. మిగతావాళ్ళు మొదటి డాలరు చేతికొచ్చిన 30 రోజుల్లో అటార్నీ జనరల్ రిజిస్ట్రీకి సీటీ-1 ఫారం, 50 డాలర్ల ఫీజు. ఆ తర్వాత ఏటా ఆర్ఆర్ఎఫ్-1 అనే రెన్యూవల్ ఫారం, ఆదాయం 50,000 లోపు ఉంటే దానికి తోడు సీటీ-టీఆర్-1 అనే చిన్న లెక్కల పేజీ. బే ఏరియాలో మనవాళ్ళ సంస్థలు ఎక్కువగా జారేది ఈ రెండో మెట్టు దగ్గరే, మొదటి ఏడాది ఉత్సాహంగా సీటీ-1 వేస్తారు, ట్రెజరర్ మారతాడు, ఆర్ఆర్ఎఫ్-1 అనేది ఒకటుందని కొత్తాయనకి ఎవరూ చెప్పరు.

టికెట్లు, దోసె స్టాల్ డబ్బులు కూడా పరిమితి లెక్కలోకి వస్తాయా?

స్టేట్ చూసేది చందాలనా, మొత్తం ఆదాయాన్నా అన్నది ముందు తేల్చుకోండి. జార్జియా చూసేది మొత్తం ఆదాయం, అక్కడ దోసెలు కూడా లెక్కే. చందాలు మాత్రమే చూసే చోట్ల, ఇచ్చినదానికి సరిపడా వస్తువో భోజనమో తిరిగి వస్తే ఆ భాగం చందా కాదు. మా బతుకమ్మ రోజు సాయంత్రం టేబుల్ మీద ఒక స్టీలు డబ్బా, పక్కన క్యూఆర్ కోడ్ ఉండేవి. ప్లేటు ఇడ్లీ 5 డాలర్లు, ఒకాయన 20 నోటు వేసి చిల్లర వద్దన్నాడు, ఇంకొకావిడ 50 జెల్ చేసి నోట్‌లో "ఇడ్లీ ప్లస్ బడికి" అని రాసింది. ఇరవైలో 5 అమ్మకం, 15 చందా. యాభైలో 5 అమ్మకం, 45 చందా. ఆ రాత్రే ఎక్సెల్‌లో రెండు కాలమ్‌లుగా రాసుకోకపోతే మార్చిలో ఎవరికీ గుర్తుండదు, అప్పుడు భయం కొద్దీ మొత్తం చందా అని రాసేస్తారు, అనవసరంగా గీత దాటేస్తారు. స్పాన్సర్లిచ్చినది మాత్రం సాధారణంగా చందానే.

ఖర్చులు పోను మిగిలిందే కదా లెక్క?

కాదు. పరిమితి చూసేది వచ్చిన మొత్తం మీద. 26,000 వసూలై హాలుకి, సౌండుకి, భోజనాలకి 24,000 పోయి చేతిలో 2,000 మిగిలినా మీది 26,000 సంస్థే. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు మాత్రం చాలా స్టేట్లు చందాల లెక్కలో కలపవు.

## ఆన్‌లైన్, వేరే స్టేట్లు

వెబ్‌సైట్‌లో డొనేట్ బటన్ పెడితే 40 స్టేట్లలోనూ రిజిస్టర్ చెయ్యాలా?

బటన్ ఉన్నంత మాత్రాన కాదు. దీని మీద స్టేట్ల చారిటీ అధికారుల సంఘం 2001లో చార్ల్‌స్టన్ ప్రిన్సిపుల్స్ అని మార్గదర్శకాలు ఇచ్చింది, అవి చట్టం కాదు గానీ ఎక్కువమంది వాటినే చూస్తారు. మీ సొంత స్టేట్‌లో ఎలాగూ చూసుకోవాలి. వేరే స్టేట్ విషయంలో రెండు ప్రశ్నలు: అక్కడివాళ్ళని ప్రత్యేకంగా గురిపెట్టి అడిగారా? లేకపోతే అక్కడి నుంచి వెబ్‌సైట్ ద్వారా మాటిమాటికీ, లేదా పెద్ద మొత్తంలో డబ్బు వస్తోందా? ఒరెగాన్ నుంచి ఎవరో తెలియనాయన ఒకసారి 25 డాలర్లు పంపితే భయపడక్కర్లేదు. ఆయనకి థాంక్స్ చెప్తూ మళ్ళీ డిసెంబర్‌లో "ఈసారి కూడా" అని ఈమెయిల్ పంపినప్పుడు మాత్రం మీరు ఒరెగాన్‌లో అడిగినట్టు అవుతుంది. దాతల లిస్టులో జిప్ కోడ్ కాలమ్ పెట్టుకోండి, ఏడాదికోసారి స్టేట్ వారీగా సార్ట్ చేసి చూస్తే ఎక్కడ గీత దగ్గరికొచ్చారో కనిపిస్తుంది.

సడన్‌గా డొనేషన్ యాప్‌లో మా పేరు కనపడట్లేదు, ఎందుకు?

కాలిఫోర్నియాలో ఏబీ 488 అనే చట్టం 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చందాలు సేకరించే ప్లాట్‌ఫాంలు తమ సైట్‌లో ఉన్న చారిటీలు ఐఆర్ఎస్ దగ్గర, ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డు దగ్గర, అటార్నీ జనరల్ దగ్గర మంచి స్థితిలో ఉన్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే వాటి కోసం డబ్బు అడగకూడదు. ఒక ఏడాది ఆర్ఆర్ఎఫ్-1 మర్చిపోయి మీ స్టేటస్ డిలింక్వెంట్ (ఫైలింగ్ బాకీ) అయితే, అందరూ చందాలిచ్చే గివింగ్ ట్యూజ్డే రోజు పొద్దున్నే మీ పేజీ మాయం. ముందు అటార్నీ జనరల్ రిజిస్ట్రీ సెర్చ్‌లో మీ స్టేటస్ ఏముందో చూడండి, ప్లాట్‌ఫాం సపోర్ట్ వాళ్ళకి ఫోన్ చేసి అరిస్తే లాభం లేదు.

## గీత దాటినప్పుడు, తప్పు జరిగినప్పుడు

ఏడాది మధ్యలో పరిమితి దాటేశాం, వచ్చే ఏడాది చేస్తే చాలా?

చాలదు. చాలా స్టేట్లలో దాటిన రోజు నుంచి 30 రోజుల్లో రిజిస్టర్ చెయ్యాలి, పెన్సిల్వేనియాలో 25,000 దాటితే అంతే. వరదలప్పుడు, కోవిడ్ టైంలో ఆక్సిజన్ కాన్సంట్రేటర్లకి అడిగినప్పుడు ఒక్క వారంలో దాటిపోయిన సంస్థలున్నాయి. అత్యవసరంలో ఎవరికీ ఫారం గుర్తుకు రాదు, అందుకే బోర్డులో వసూళ్ళ పనిలో లేని ఒక మనిషికి ఈ ఒక్క పని అప్పజెప్పండి.

నాలుగేళ్ళుగా తెలియక రిజిస్టర్ చెయ్యలేదు, ఇప్పుడు చేస్తే ఇరుక్కుంటామా?

చెయ్యకుండా ఉంటేనే ఎక్కువ ఇరుక్కుంటారు. మా కథ చెప్తా. మేం అడుగైనా పెట్టని ఒక స్టేట్ నుంచి నాకు కవరొచ్చింది, అది కూడా నేను రెండేళ్ళ క్రితం ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి, పసుపు స్టిక్కర్ తగిలించుకుని చేరింది. విషయమేంటంటే మేం ప్రతి డిసెంబర్‌లో పంపే ఉత్తరం అక్కడి 14 మందికి వెళ్తోంది, అందులో ఒకాయన మేం రిజిస్టరయ్యామా లేదా అని స్టేట్‌ని అడిగాడు. తప్పు మాదే, అడ్రస్ మార్చకపోవడం మరీ నాదే. గడువుకి తొమ్మిది రోజులు మిగిలున్నాయి. ఫోన్ చేస్తే అవతల మనిషి మర్యాదగానే మాట్లాడింది, వెనకటి ఏళ్ళ ఫారాలు, ఒక వివరణ ఉత్తరం, ఆ ఏళ్ళ ఫీజులు పంపమంది. పంపాం, నాలుగు నెలలకి సరైంది. వాలంటీర్ సంస్థ తనంతట తానే వచ్చి సరిచేసుకుంటానంటే నరికెయ్యరు. పెద్ద మొత్తాలు, జీతాలు ఉన్న సంస్థలు మాత్రం ముందు ఒక నాన్‌ప్రాఫిట్ లాయర్‌తో మాట్లాడి వెళ్ళండి.

మినహాయింపు ఉంది కాబట్టి అటార్నీ జనరల్ మమ్మల్ని అడగలేరు కదా?

అడగగలరు. మినహాయింపు రిజిస్ట్రేషన్ నుంచే, నిజాయితీ నుంచి కాదు. ఖమ్మం జిల్లాలో బడి కడతామని అడిగి ఆ డబ్బు ఇక్కడ కన్వెన్షన్ డెకరేషన్‌కి వాడితే గుడైనా చిన్న సంఘమైనా ప్రశ్నిస్తారు.

మేం 990-ఎన్ వేస్తున్నాం, అది స్టేట్‌కి చాలదా?

చాలదు. 990-ఎన్ ఐఆర్ఎస్‌కి, మామూలుగా 50,000 లోపు వచ్చే సంస్థలు ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల్లో వేసేది, ఆర్థిక సంవత్సరం అయ్యాక ఐదో నెల 15వ తారీఖు లోపు. దాన్ని వరసగా మూడేళ్ళు మర్చిపోతే 501(సి)(3) హోదా దానంతట అదే రద్దైపోతుంది, దానితోపాటు ఆ హోదా మీద నిలబడ్డ స్టేట్ మినహాయింపులు కూడా. చర్చిలకి, గుళ్ళకి 990 అక్కర్లేదు, కానీ గుడి అని ఐఆర్ఎస్ దగ్గర ఆ వర్గీకరణ మీ లెటర్‌లో ఉందో లేదో చూస్కోండి. మామూలు పబ్లిక్ చారిటీగా అప్లై చేసేసి తర్వాత గుడి కట్టినవాళ్ళు దీంట్లో దొరికిపోతారు.

రిజిస్టర్ చేస్తే దాతల పేర్లు బయటపడతాయా?

పెద్ద దాతల పేర్లుండే షెడ్యూల్ బి గురించే ఈ భయం. కాలిఫోర్నియా అది అందరూ తమకి ఇవ్వాలని పట్టుబడితే 2021లో అమెరికన్స్ ఫర్ ప్రాస్పెరిటీ ఫౌండేషన్ వర్సెస్ బాంటా కేసులో సుప్రీంకోర్టు కుదరదంది. వంద డాలర్లిచ్చిన మీ బాబాయ్ పేరైతే ఏ ఫారంలోనూ అడగరు.

రిజిస్టరయ్యామంటే ఆడిట్ తప్పదా?

చిన్నవాళ్ళకి తప్పుతుంది. న్యూయార్క్‌లో 10 లక్షల డాలర్ల ఆదాయం దాటితే ఆడిట్, 2.5 లక్షలు దాటితే సీపీఏ రివ్యూ. కాలిఫోర్నియాలో 20 లక్షల డాలర్ల దగ్గర ఆడిట్.

## ఇండియాకి పంపేటప్పుడు

మా ఊళ్ళో ట్రస్టుకి 12ఏ, 80జీ ఉన్నాయి, దాని పేరు మీద ఇక్కడ అడిగితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కదా?

అవి భారత ఆదాయపన్ను శాఖ ఇచ్చే పన్ను మినహాయింపులు, ఇక్కడి స్టేట్లకి వాటితో సంబంధం లేదు. గుంటూరు ట్రస్టు అయినా ఇర్వింగ్ ట్రస్టు అయినా న్యూజెర్సీ వాళ్ళని అడిగితే న్యూజెర్సీ రూలే. పైగా ఇక్కడివాళ్ళకి డిడక్షన్ కూడా రాదు.

ఇక్కడ అన్నీ సరిగ్గా ఉన్నాయి, డబ్బు అక్కడికి ఎవరి ఖాతాకి పంపాలి?

అమెరికా సంస్థ పంపేది మన భాషలో ఎంత సొంత డబ్బైనా భారత చట్టం లెక్కలో విదేశీ విరాళం, బోర్డులో అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే అయినా సరే. తీసుకునే సంస్థకి 2010 ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, 2020 సవరణ తర్వాత డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో వాళ్ళకున్న ఎఫ్‌సీఆర్ఏ ఖాతాలోకే చేరాలి. అదే సవరణ వల్ల ఆ సంస్థ ఆ డబ్బుని ఇంకో సంస్థకి మళ్ళించడానికి లేదు, కాబట్టి "హైదరాబాద్‌లో మా వాళ్ళకి పంపండి, వాళ్ళు మీ ఊరి ట్రస్టుకి ఇస్తారు" అన్న పాత పద్ధతి ఇప్పుడు నడవదు. ఇండియన్ పాస్‌పోర్టున్న ఎన్నారై తన జేబులోంచి బ్యాంకు ద్వారా నేరుగా పంపితే అది విదేశీ విరాళం కాదు, అమెరికా సిటిజన్ అయిపోయి ఓసీఐ కార్డు పెట్టుకున్నవాళ్ళు పంపితే అవుతుంది. ఒకే ఇంట్లో మొగుడిది అమెరికా పాస్‌పోర్టు, పెళ్ళానిది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే, ఇద్దరూ కలిసి జాయింట్ అకౌంట్ నుంచి పంపొచ్చా అని మొన్నొకాయన అడిగాడు. ఆవిడ సొంత ఖాతా నుంచి పంపమన్నా.